పడనిది పడకలోనే ఉంది

“నాకు డస్ట్ ఎలర్జీ అండీ” అని చెప్పుకోవడం “నాకు షుగరండీ” అని చెప్పుకున్నంత మామూలు మాట అయిపోయింది. ఉదయం కళ్ళు తెరవగానే వరుసగా పది పన్నెండు తుమ్ములు, ముక్కు వెంట ధారగా నీరు, కళ్ళలో దురద, అంగిట్లో గీర. పిల్లలకైతే తెల్లవారుజామున దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. దీనికి విరుగుడుగా మనవాళ్ళు చేసే పనులు గమనించండి. బండి మీద వెళ్ళేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. పెరుగు మానేస్తారు, అరటిపండు మానేస్తారు. తలస్నానానికి భయపడతారు. స్తోమత ఉన్నవారు వేలు పోసి గాలిని శుద్ధి చేసే యంత్రం కొని గది మూలన పెడతారు. ఇన్నీ చేసి, రాత్రి పదింటికి పన్నెండేళ్ళ నాటి దూది దిండులో ముఖం ఆనించి నిద్రపోతారు.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. డస్ట్ ఎలర్జీ అని పేరు పెట్టుకున్నవారిలో చాలామందికి పడనిది వీధిలో లేచే దుమ్ము కాదు. తాము పడుకునే పడకలో ఉన్నది. ఆ సంగతి వారికి ఎవరూ చెప్పడం లేదు. మందుల దుకాణదారు చెప్పడు. పరుపులు అమ్మేవాడు చెప్పడు. విచారకరమైన విషయమేమిటంటే, చీటీ మీద మాత్రలు రాసి పంపే వైద్యుడు కూడా చాలాసార్లు చెప్పడు. “దుమ్ముకు దూరంగా ఉండండి” అనే ఒక్క వాక్యంతో సంప్రదింపు ముగుస్తుంది. ఏ దుమ్ముకు, ఎక్కడి దుమ్ముకు, ఎలా దూరంగా ఉండాలో చెప్పని సలహా సలహా కాదు, రోగిని బయటికి సాగనంపే మాట.

ధూళిలో ఉన్నదేమిటి?

ఇంటి ధూళి కొందరికి పడదన్న విషయం వైద్యులకు చాలాకాలంగా తెలుసు. ఆ ధూళిలో పడనిది ఏమిటన్నది మాత్రం 1964లో తేలింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో వూర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా తదితర పరిశోధకులు దాని మూలం ఒక సూక్ష్మజీవి అని చూపారు. ఇంగ్లీషులో దానిని డస్ట్ మైట్ అంటారు. మనం ధూళి నల్లి అందాం. ఇది మంచాల సందుల్లో దాగి రక్తం పీల్చే నల్లి కాదు. మిరప తోటలో రైతులు చూసే ఎర్రనల్లికి దూరపు చుట్టం. ఎనిమిది కాళ్ళు ఉంటాయి కనుక సాలీళ్ళ వర్గానికి చెందుతుంది. పొడవు మిల్లీమీటరులో మూడో వంతుకు మించదు, కంటికి ఆనదు. కుట్టదు, కరవదు, ఏ రోగాన్నీ మోసుకురాదు.

దాని ఆహారం మన ఒంటినుండి నిత్యం రాలే చర్మపు పొలుసు. దాని దాహం తీరే విధానం ఇంకా విచిత్రం. అది నీరు తాగదు. గాలిలోని తేమను ఒంటితో పీల్చుకుంటుంది. అందుకే గాలిలో తేమ 50 శాతానికి దిగువన చాలాకాలం ఉంటే అది ఎండి చనిపోతుంది. 70 శాతం దాటితే హాయిగా వృద్ధి చెందుతుంది. పొలుసు, వెచ్చదనం, చెమట తేమ మూడూ ఒకేచోట దొరికే స్థలం ఇంట్లో ఏదో ఆలోచించండి. అది మీ పరుపు, మీ దిండు.

మనకు పడనిది ముఖ్యంగా ఆ నల్లి విసర్జించే మలపు రేణువు. ఒక్కో నల్లి రోజుకు 20 వరకు రేణువులను విసర్జిస్తుంది. అందులో దాని జీర్ణరసాలు, అంటే మాంసకృత్తులను కరిగించే ఎంజైములు ఉంటాయి. ఆ ఎంజైము మన ముక్కులోని, శ్వాసనాళంలోని కణాల మధ్య అతుకులను వదులు చేసి లోపలికి చొరబడుతుంది. తత్వం అనుకూలించినవారిలో శరీరం దానిని శత్రువుగా గుర్తించి ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారు చేస్తుంది. ఆ తరువాత ఆ రేణువు తగిలినప్పుడల్లా హిస్టమిన్ విడుదలై తుమ్ములు, నీరు, దురద, ఆయాసం మొదలవుతాయి. నల్లి చచ్చినా ఆ రేణువులు, దాని దేహపు తునకలు నెలల తరబడి పరుపులో మిగిలే ఉంటాయి. ఈ ముక్క గుర్తుంచుకోండి. నల్లులను చంపుతామని చెప్పి అమ్మే సరుకుల గుట్టు ఇక్కడే ఉంది.

నింద ఎవరి మీద?

మొదట ఒక అన్యాయాన్ని గురించి చెప్పాలి. పిల్లవాడికి ఎలర్జీ అని తేలగానే ఇంట్లో పెద్దలు కోడలి వంక చూస్తారు. “ఇల్లు శుభ్రంగా ఉంచితే ఈ రోగం ఎందుకొస్తుంది?” అంటారు. ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోజుకు రెండుసార్లు ఊడుస్తుంది, దులుపుతుంది, పిల్లవాడి దగ్గు తగ్గదు, నింద పెరుగుతుంది. నా సర్వీసులో ఇలాంటి తల్లులు తలవంచుకుని కూర్చోవడం ఎన్నోసార్లు చూశాను.

ధూళి నల్లి అశుభ్రతకు గుర్తు కాదు. మనుషులు నిద్రించే చోట, గాలిలో తేమ ఉన్నచోట అది ఉంటుంది. అద్దంలా మెరిసే పాలరాతి గచ్చున్న ఇంట్లోనూ మెత్తటి మందపాటి పరుపులో ఉంటుంది. చాప, పలుచని బొంత మాత్రమే ఉన్న పూరింట్లో అంతకంటే తక్కువే ఉండవచ్చు. పైగా పొడి చీపురుతో ఊడ్చినకొద్దీ, ఈకల కట్టతో దులిపినకొద్దీ నేలపట్టున ఉన్న రేణువులు గాలిలోకి లేస్తాయి. సంక్రాంతికో దసరాకో బూజు దులిపిన మరునాడు ఆయాసంతో వచ్చేవారిని చూడని వైద్యుడు మన ప్రాంతంలో ఉండడు. ఆ ఇంటి ఇల్లాలికే ఎలర్జీ ఉన్నా చీపురు ఆమె చేతిలోనే ఉంటుంది. ఆ ఒక్క పని ఇంట్లోని మగవారు ఎందుకు చేయకూడదో వారినే అడగాలి.

అంగడి మాయ

రెండవది వ్యాపారం. గాలిని శుద్ధి చేసే యంత్రం గాలిలో తేలుతున్న దానిని మాత్రమే పట్టగలదు. నల్లి మలపు రేణువు సుమారు 20 మైక్రాన్ల పరిమాణం గలది, ధూళి కణాల్లో బరువైనది. పరుపు దులిపినప్పుడు లేచి, అర గంట లోపే ఎక్కువ భాగం తిరిగి కిందికి దిగిపోతుంది. మీ ముక్కు దిండుకు ఆనుకుని ఉంటుంది. యంత్రం గది మూలన ఉంటుంది. ఈ పోటీలో యంత్రం ఎలా గెలుస్తుంది? పొగ, వాహనాల కాలుష్యం విషయంలో దాని ఉపయోగం వేరు. నల్లి ఎలర్జీకి మాత్రం మొదట కొనవలసిన వస్తువు అది కాదు.

“ఎలర్జీ రాని పరుపు” అని అమ్మేది కూడా కొత్తగా ఉన్నంతకాలమే అలా ఉంటుంది. మీ చర్మపు పొలుసు, మీ చెమట దానిలోకి దిగిన తరువాత అదీ అన్ని పరుపుల వంటిదే. ఇంటికి వచ్చి నీలిరంగు దీపం చూపించి, పరుపును యంత్రంతో పీల్చి, నల్ల ధూళి గాజు డబ్బాలో చూపించి డబ్బు తీసుకునేవారు ఉన్నారు. పైపొర శుభ్రమవుతుంది, సందేహం లేదు. లోపలి నల్లులు పీచును పట్టుకుని ఉండిపోతాయి. కొద్ది వారాల్లో కథ మొదటికి వస్తుంది.

సాంబ్రాణి పొగ నల్లులను చంపదు. దోమల చుట్ట అంతకంటే హాని. 2003లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం ఒక దోమల చుట్ట కాలితే వెలువడే సూక్ష్మ ధూళికణాలు 75 నుండి 137 సిగరెట్ల పొగలో ఉండేవాటితో సమానం. ఆయాసపడే పిల్లవాడి మంచం కింద ఆ చుట్ట వెలిగించి, పైన ఖరీదైన యంత్రం నడిపే ఇళ్ళు ఉన్నాయి. దోమతెర కట్టండి. వారానికోసారి ఉతకండి.

“ఇవన్నీ చేసినా లాభం లేదట కదా?”

చదువుకున్న పాఠకులు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. నల్లుల నివారణ చర్యల వల్ల ఉబ్బసం తగ్గలేదని పెద్ద పెద్ద పరిశోధనలే చెప్పాయి కదా అని. నిజమే. 2003లో బ్రిటన్‌లో ఉబ్బసమున్న 1,122 మంది పెద్దవారిపై జరిగిన అధ్యయనంలో కేవలం పడక తొడుగులు వేసినందువల్ల ప్రయోజనం కనబడలేదు. యాభైకి పైగా అధ్యయనాలను కలిపి చూసిన 2008 నాటి కాక్రేన్ సమీక్ష కూడా ఇలాంటి చర్యలను సిఫారసు చేయలేమని చెప్పింది. ఈ సంగతి దాచిపెట్టి మీకు తొడుగులు కొనమని చెప్పడం వ్యాపారస్తుడి పని అవుతుంది, వైద్యుడి పని కాదు.

అయితే ఆ అధ్యయనాలు అడిగిన ప్రశ్న ఏమిటో చూడాలి. ఒక్క తొడుగు వేస్తే, మిగిలినదంతా యథాతథంగా ఉంచితే జబ్బు తగ్గుతుందా అని చాలావరకు అడిగాయి. నాలుగు కిటికీలు తెరిచి ఉంచి ఒక్క తలుపు మూస్తే వాన జల్లు ఆగుతుందా? పైగా చాలా ఏళ్ళుగా ఉబ్బసం ఉన్న పెద్దవారి సంగతి వేరు, పసివారి సంగతి వేరు. 2017లో ప్రచురితమైన మరో బ్రిటిష్ అధ్యయనం చూడండి. ఉబ్బసం ఉధృతమై ఆసుపత్రికి వచ్చిన, నల్లి ఎలర్జీ ఉన్న 284 మంది పిల్లలను తీసుకున్నారు. నల్లి దూరలేని తొడుగులు ఇచ్చినవారిలో ఏడాది లోపు మళ్ళీ అత్యవసరంగా ఆసుపత్రికి వచ్చినవారు 29.3 శాతం, మామూలు తొడుగులు ఇచ్చినవారిలో 41.5 శాతం. పిల్లల మందుల మోతాదు తగ్గలేదు. కానీ అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తే అవసరం తగ్గింది. ఏ తల్లిదండ్రులకైనా అది చిన్న లాభమా?

కనుక నా అభిప్రాయం ఇది. పడక శుభ్రత మందుకు ప్రత్యామ్నాయం కాదు. మందు పడక శుభ్రతకు ప్రత్యామ్నాయం కాదు. రెండూ కలిసి నడవాలి. ఒకటి చేసి రెండవది మానేసినవారే “ఏమీ గుణం లేదండీ” అంటూ డాక్టర్లను మారుస్తూ తిరుగుతారు.

ఇంట్లో చేయవలసినవి

మొదటిది దిండు. అయిదారేళ్ళు దాటిన దూది దిండు, బూరుగు దూది దిండు తీసివేయండి. పాత దూదిని మళ్ళీ ఏకించి నింపించుకునే అలవాటు మనకుంది. ఎలర్జీ ఉన్నవారికి అది పనికిరాదు. ఏకించేటప్పుడు ఆ దరిదాపుల్లో ఉండనే కూడదు. ఉతకడానికి వీలైన దిండు కొనుక్కోండి.

రెండవది తొడుగు. దిండుకూ పరుపుకూ ఆరు వైపులా మూసుకునే జిప్పు తొడుగు వేయాలి. రంధ్రాలు 10 మైక్రాన్లకు తక్కువగా ఉండే గట్టి నేత గుడ్డ అయితే రేణువులు బయటికి రావు, గాలి ఆడుతుంది. అంత ఖర్చు పెట్టలేనివారు దిగులుపడనవసరం లేదు. ఆసుపత్రి పరుపులకు వేసే రెక్సిన్ తొడుగు కుట్టించుకుని, పైన రెండు నూలు దుప్పట్లు పరచుకోవచ్చు. అసలు పరుపే మానేసి, నవారు మంచం మీద ఉతకదగ్గ పలుచని బొంత వేసుకున్నా మంచిదే. మన పూర్వులు నల్లుల శాస్త్రం చదివి నవారు మంచం వాడలేదు; అయినా అందులో నల్లులకు లోతైన గూడు దొరకదు.

మూడవది ఉతుకు. దుప్పట్లు, దిండు గలీబులు, కప్పుకునేవి వారానికి ఒకసారి వేడినీటిలో ఉతకాలి. 55 డిగ్రీలకు మించిన వేడిలో నల్లులు చస్తాయి. చన్నీటిలో ఉతికితే రేణువులు చాలావరకు పోతాయి గాని నల్లులు బతికి ఉంటాయి. వాషింగ్ మెషీనులో 60 డిగ్రీల మీట ఉంటే అది వాడండి. లేనివారు మరిగే నీరు ఒక వంతు, మామూలు నీరు ఒక వంతు తొట్టిలో కలిపితే ఆ వేడి వస్తుంది. అర గంట నానబెట్టి ఉతకండి. పిల్లలు దగ్గరకు రాకుండా చూసుకోండి. ఒకప్పుడు చాకిరేవుల్లో బట్టలు ఉడకబెట్టి ఉతికేవారు. ఆ ఉడుకు పోయి, చల్లని సబ్బు నురగ మిగిలింది.

నాలుగవది ఎండ. మన వేసవి ఎండ పైసా ఖర్చు లేని మందు. మండుటెండలో పరుపును, బొంతలను రెండు వైపులా తిరగేస్తూ రోజంతా ఎండబెడితే వేడికి, పొడికి నల్లులు చస్తాయి. ఆ తరువాత ఎలర్జీ లేనివారెవరైనా ఆరుబయట దులపాలి. చచ్చిన నల్లుల ధూళి అలాగే ఉండిపోతే ఎండబెట్టిన ఫలితం సగమే.

అయిదవది తేమ. విశాఖ, కాకినాడ, బందరు వంటి తీర ప్రాంతాల్లో ఏడాదిలో ఎక్కువ కాలం గాలిలో తేమ 70 శాతం పైనే ఉంటుంది. అక్కడ కిటికీలు తెరిచినంత మాత్రాన నల్లులు చావవు; పడకకు తొడుగులే శరణ్యం. అనంతపురం వంటి పొడి ప్రాంతంలో వేసవి తనంతట తానే నల్లులను అదుపు చేస్తుంది. కానీ అక్కడే మనం ఒక పొరపాటు చేస్తున్నాం. తలుపులు మూసి రాత్రంతా నీళ్ళ కూలరు నడుపుతాం. అది నీటిని గాలిలో కలిపే యంత్రం. అంటే బయట చావవలసిన నల్లికి లోపల నీరు పోసి పెంచుతున్నామన్నమాట. కూలరు తప్పనిసరి అయితే కిటికీ తెరిచి ఉంచండి. ఏసీ తేమను తగ్గిస్తుంది. అయితే దాని జల్లెడను నెలకోసారి కడగాలి. పడకగదిలో తడి బట్టలు ఆరవేయకండి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. పొడి చీపురు బదులు తడిగుడ్డతో తుడవండి. తుడిచిన గదిలోకి ఎలర్జీ ఉన్నవారు అర గంట ఆగి రావాలి. పడకగదిలో తివాచీ, బరువైన తెరలు, పుస్తకాల గుట్టలు వద్దు. పిల్లలు పక్కలో పెట్టుకునే బొచ్చు బొమ్మలను సంచిలో కట్టి ఫ్రిజ్ పై అరలోని ఫ్రీజరులో ఒక రోజుకు తగ్గకుండా ఉంచి, తరువాత ఉతకండి. చలికాలం రాగానే బీరువా పైనుండి దింపిన రగ్గును ఉతకకుండా ఎన్నడూ కప్పుకోకండి. ఇదంతా చేసినా ఫలితం మరునాడే కనబడదు. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

పెరుగు ఏం పాపం చేసింది?

ముక్కు కారితే పెరుగు మాన్పించడం మన సంప్రదాయం అయిపోయింది. పెరుగుతో పాటు అరటిపండు, నిమ్మ, జామ, దోసకాయ అన్నీ పిల్లవాడి కంచంలోంచి తీసివేస్తారు. ధూళి నల్లికీ పెరుగుకూ ఏ సంబంధమూ లేదు. తిన్న ప్రతిసారీ పెదవులు వాచడం, దద్దుర్లు రావడం వంటి స్పష్టమైన లక్షణాలు ఉంటే ఆ పదార్థం మానాలి. నల్లి ఎలర్జీ ఉన్నవారిలో కొందరికి రొయ్యలు పడవు. రెండింటిలోనూ ఒకే రకమైన మాంసకృత్తు ఉండడమే కారణం. రొయ్యలు తిని ఏ ఇబ్బందీ లేనివారు మానవలసిన పని లేదు.

ఇప్పుడు మరొకటి మొదలైంది. రక్తం తీసి, వంద రెండు వందల ఆహార పదార్థాల పట్టిక ఇచ్చి, గోధుమ, పాలు, కంది, వేరుశనగ అన్నిటికీ ఎర్ర గుర్తులు పెట్టే ఐజీజీ పరీక్షలు. ఐజీజీ అన్నది ఆ ఆహారాన్ని మీరు తిన్నారనడానికి గుర్తు, అది పడదనడానికి కాదు. ఆ పట్టిక చూసి పిల్లలను ఎముకల గూళ్ళు చేసిన తల్లిదండ్రులు ఉన్నారు. ఆ డబ్బుతో పరుపుకు తొడుగు కుట్టించి, ఇంకా మిగిలినదానితో గుడ్లు కొనవచ్చు. ఎలర్జీ దేనికో నిజంగా తెలియాలంటే చర్మంపై సూదిమొనతో చేసే పరీక్ష గాని, ఆ పదార్థానికే ప్రత్యేకమైన ఐజీఈ రక్తపరీక్ష గాని ఉంది. చర్మ పరీక్షకు ముందు సుమారు వారం రోజులు సెట్రిజిన్ వంటి మాత్రలు ఆపాలి; అది కూడా వైద్యుడు చెబితేనే. పరీక్షలో గుర్తు వచ్చి, ఒంట్లో లక్షణం లేకపోతే అది జబ్బు కాదు.

ఇన్‌హేలరంటే ఎందుకీ భయం?

నాకు అన్నిటికంటే ఆగ్రహం కలిగించేది ఇదే. “ఇన్‌హేలరు అలవాటైపోతుంది, అది ఆఖరి మందు” అని భయపడేవారే, ఊళ్ళో ఎవరో పొడిచే “ఎలర్జీ ఇంజెక్షన్” నిశ్చింతగా పొడిపించుకుంటారు. ఆ సూది చాలాసార్లు వారాల తరబడి ఒంట్లో నిలిచే స్టీరాయిడ్. మందుల దుకాణంలో చీటీ లేకుండా తెచ్చుకునే చిన్న తెల్ల మాత్ర, బీటామెథాసోన్, అదీ స్టీరాయిడే. వీటితో మూడు రోజుల్లో ముక్కు తేలికపడుతుంది, ఆకలి పెరుగుతుంది, మనిషి సంతోషిస్తాడు. పదే పదే వాడితే రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లం వస్తుంది, శరీరం స్వయంగా తయారు చేసుకునే స్టీరాయిడ్ అడుగంటిపోతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. సాల్బుటమాల్ మాత్రలో 4 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఇన్‌హేలరు ఒక పీల్పులో ఉండేది 100 మైక్రోగ్రాములు. అంటే ఒక మాత్ర మింగడం 40 పీల్పుల మందును ఒళ్ళంతా పారించడంతో సమానం. అయినా మనకు మాత్ర సౌమ్యం, ఇన్‌హేలరు ఉగ్రం! బుడెసొనైడ్ వంటి పీల్చే స్టీరాయిడ్ కూడా మైక్రోగ్రాముల్లోనే ఉండి, వాపు ఉన్న శ్వాసనాళానికే చేరుతుంది. రోజూ వాడవలసిన ఈ మందును మానేసి, ఆయాసం వచ్చినప్పుడల్లా సాల్బుటమాల్ ఒక్కటే పీల్చడం ప్రమాదకరం. సాల్బుటమాల్ వంటి ఉపశమన మందు ఒక్కదానితో ఉబ్బసాన్ని నెట్టుకురావద్దని ప్రపంచ ఉబ్బస మార్గదర్శకాలు 2019 నుండి స్పష్టంగా చెబుతున్నాయి.

పెళ్ళికాని ఆడపిల్ల ఇన్‌హేలరును సంచి అడుగున దాచుకుని తిరగడం, అత్తవారింట్లో తెలుస్తుందని మందు మానేయడం మన సమాజానికి సిగ్గుచేటు. కళ్ళజోడు పెట్టుకోవడంలో లేని లోపం ఇన్‌హేలరు పట్టుకోవడంలో ఎక్కడినుండి వచ్చింది? ఉబ్బసంతో మనుషులు చనిపోతారు. దాచుకున్న మందు ఆ వేళకు అందదు.

ముక్కు ఎలర్జీకి ప్రధానమైన మందు ముక్కులో కొట్టుకునే స్టీరాయిడ్ స్ప్రే. ఫ్లూటికసోన్, మొమెటసోన్ వంటివి. రెండు రోజులు వాడి లాభం లేదని పారేస్తారు. దాని పూర్తి గుణం కనబడడానికి వారం రెండు వారాలు పడుతుంది. తల కొంచెం ముందుకు వంచి, కుడి ముక్కుకు ఎడమ చేతితో, ఎడమ ముక్కుకు కుడి చేతితో, మధ్య గోడకు తగలకుండా పక్కకు కొట్టుకోవాలి. గట్టిగా పీల్చకూడదు. ముక్కు దిబ్బడకు వెంటనే పనిచేసే చుక్కల మందు వేరు. దానిని మూడు నుండి అయిదు రోజులకు మించి వాడితే, ఆ మందే దిబ్బడకు కారణమవుతుంది. మాంటెలుకాస్ట్ కలిపిన మాత్రలను సంవత్సరాల తరబడి మింగేవారికి ఒక హెచ్చరిక. 2020 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందు డబ్బా మీద నిద్ర, మానసిక మార్పులకు సంబంధించిన తీవ్ర హెచ్చరిక వేయించింది. పిల్లల్లో పీడకలలు, చిరాకు, దిగులు కనబడితే వెంటనే వైద్యుడికి చెప్పండి.

పడక సరిచేసి, మందులు సరిగా వాడినా అదుపులోకి రానివారికి ఎలర్జీ టీకా చికిత్స ఉంది. 1911లోనే లండన్‌లో లియోనార్డ్ నూన్ పుప్పొడి ఎలర్జీకి దీనిని ప్రయోగించి చూపారు. నల్లి ఎలర్జీకి ఇది పనిచేస్తుంది. కనీసం మూడేళ్ళు తీసుకోవాలి. ఉబ్బసం అదుపులో లేనివారికి ఇవ్వకూడదు. ఇంజెక్షన్ తీసుకున్నాక అర గంట వైద్యుడి కళ్ళముందే ఉండాలి. పదీ పదిహేను పదార్థాలు కలిపిన సీసాను పోస్టులో పంపి ఇంట్లో పొడుచుకోమనేవారిని నమ్మకండి.

మరొక్క మాట. రెండు వారాలు దాటిన ప్రతి దగ్గూ ఎలర్జీ కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం. క్షయ లేదని ముందు తేల్చుకోండి. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేనంత ఆయాసం, పెదవులు నీలబడడం, పిల్లల్లో ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోనికి పోవడం కనబడితే ఇంటి వైద్యాలు కట్టిపెట్టి 108కి ఫోన్ చేయండి.

ఎవరు ఏం చేయాలి?

తోటి వైద్యులకు నా విన్నపం: తుమ్ములతో వచ్చిన రోగిని “మీ దిండు వయసెంత?” అని అడగండి. ఒక్క నిమిషం పడుతుంది. ఇన్‌హేలరు రాస్తే అది ఎలా పీల్చాలో మీ ముందే పీల్పించి చూడండి. ప్రభుత్వాన్ని అడగవలసింది కూడా ఉంది. బుడెసొనైడ్, సాల్బుటమాల్ ఇన్‌హేలర్లు మన జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నాయి. జాబితాలో ఉన్న మందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు అలమరలో కూడా ఉండాలి. దగ్గు సీసా దొరికినంత సులభంగా ఇన్‌హేలరు దొరికిన నాడు ఊళ్ళో స్టీరాయిడ్ సూదుల వ్యాపారం తనంతట తానే మూతపడుతుంది.

ఇక మీరు. ఈ వారం మీరు చేయవలసిన పనికి డాక్టరు చీటీ అక్కరలేదు. మీ ఇంట్లో దిండ్లను ఒకచోట పోగు చేసి, ఏది ఎప్పుడు కొన్నదో లెక్క వేయండి. ఎవరికీ గుర్తులేనంత పాతదైతే, దానిని పారేయడానికి అంతకంటే కారణం అక్కరలేదు. పిల్లవాడి కంచంలో పెరుగు తిరిగి వడ్డించండి. ఇంటి ఇల్లాలి చేతిలోని పొడి చీపురు తీసుకుని, ఎలర్జీ లేనివారు తడిగుడ్డ పట్టండి. డాక్టరు రాసిన స్ప్రేను రోజూ పళ్ళు తోముకున్నంత క్రమంగా వాడండి. యంత్రం కొనడం గురించి మూడు నెలల తరువాత ఆలోచించవచ్చు. అప్పటికి మీలో చాలామందికి దాని అవసరం కనిపించదు.